ఆరు వారాల చొక్కా

ఈ చొక్కాకు గుండీలు లేవు.
కొక్కేలున్నాయి, ఇరవై రెండు.
అక్క నజిబ్రోలా ఒక్కొక్కటే తగిలిస్తుంటే
నేను పైకప్పు మీది తడిమరకను చూస్తుంటాను.
"ఊపిరి బిగబట్టకు జుంబెర్,
ఊపిరికి కూడా ఇందులో చోటు మిగలాలి."

పద్నాలుగో ఏట వచ్చాయి.
ఒళ్ళు చేశావన్నారు, తిండి తగ్గించమన్నారు.
తగ్గించాను.
చెంపలు పోయాయి,
అవి పోలేదు.

మా రొట్టెల పొయ్యి బావిలా లోతు.
నడుము దాకా లోపలికి వంగి
పిండిని మట్టిగోడకు చరిచి
జుట్టు కమిలేలోపు వెనక్కి లేవాలి.
కుతైసీలో ఈ పని చేసే మగాళ్ళంతా
జూలైలో బనీను కూడా విప్పేస్తారు.
నాకు రెండు చొక్కాలు, పైన ముతక కోటు.
చలిమనిషి అని పేరు పెట్టారు.
పేరు కూడా దుప్పటే కదా,
కప్పుకున్నాను.

ఇరవై ఆరేళ్ళు.

డాక్టర్ లామారా నన్ను నిలబెట్టి
నీలం పెన్నుతో గుండ్రాలు గీసింది.
దర్జీ కూడా అంత ఓపిగ్గా కొలవడు.
"కొవ్వు కాదిది, గ్రంథి. నువ్వు చేసిందేం లేదు."
అంత చిన్న మాట
అంత ఆలస్యంగా.

ఇప్పుడు రెండు చంకల కింద రెండు గొట్టాలు,
వాటి చివర రెండు బుడ్డీలు.
గుడ్ల లెక్కల పుస్తకంలోనే అక్క రాస్తుంది:
ఎడమ ముప్పై, కుడి ఇరవై రెండు.
ఎరుపు పల్చబడి
తేనీటి రంగుకొచ్చింది.
ఐదో రోజు గొట్టాలు తీసేశారు.
ఎడమవైపు ఉబ్బిందని ఆ రాత్రే భయపడ్డాను,
పొద్దున్నే పరుగెత్తాం.
ఆవిడ నొక్కి చూసి, "వాపే. దానికి తొందర తెలియదు,
నువ్వూ నేర్చుకోకు" అంది.

మోచేతులు భుజం దాటి లేవకూడదు.
నిండు కెటిల్ ఎత్తకూడదు.
సిగరెట్టు వద్దు, సారా వద్దు,
వెల్లకిలా తప్ప నిద్ర వద్దు.
నడక మాత్రం కావలసినంత.
గుడ్ల అట్ట మోస్తున్నవాడిలా
చేతులు ముందుకు పెట్టుకుని
తెల్ల వంతెన దాకా పోయి వస్తాను.
కింద రియోని నది
కొండమంచు కరిగిన బురదతో
ఎవరికీ దారివ్వకుండా పోతుంటుంది.
తలుపు దగ్గర కోటు చెయ్యి దూర్చలేక
ఓ పొద్దు కాసేపు ఏడ్చాను.
నొప్పికి కాదు.
ఎందుకో తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి.

ఇరుగుపొరుగుకు హెర్నియా అని చెప్పాం.
పొయ్యి దగ్గర ఉషాంగి ఉన్నాడు, పంతొమ్మిదేళ్ళు.
మొదటి వారం వాడి రొట్టెలు
ముక్కు మాడి, నడుం వంగి వచ్చాయి.
రోజూ ఒకటి తెచ్చి నా ముందు పెట్టి
తిట్ల కోసం నిలబడేవాడు.
పంతొమ్మిదో రోజు
తిట్టకుండా నిజం చెప్పాను.
రొట్టె తుంచుతూ విన్నాడు.
"అందుకా ఆ కోటు?" అన్నాడు.
ఆ తర్వాత, "రేపటి పిండికి ఉప్పు ఎంత?"
చెప్పాను.
చెబుతున్నంతసేపూ నా గొంతు
మామూలుగానే ఉంది.

మొద్దుబారిన చోట చీమలు పాకడం మొదలైంది.
పసుపు, ఆకుపచ్చ, మళ్ళీ పసుపు,
కమిలిన రంగులు ఒక్కొక్కటే మాయమయ్యాయి.
ఆరో వారం కొక్కేలన్నీ నేనే విప్పుకున్నాను.
అద్దంలో కొత్త మనిషెవరూ లేడు.
ఎడమవైపు కాస్త గుంట.
రెండు అరచంద్రాల మచ్చలు,
రొట్టె ఊడదీసిన చోట గోడ మీద మిగిలే అంచులా.
"బావుందా?" అంది అక్క తలుపవతలినుంచి.
"సరిపోయింది" అన్నాను.

కోటు ఉతికించాను.
పులిసే పిండిగిన్నెల మీద ఇప్పుడది కప్పుతున్నాం,
పనికొస్తోంది.

ఇవాళ ఒక్క పలచటి చొక్కాతో
పొయ్యిలోకి వంగాను.
ఉషాంగి వెనక నా బెల్టు పట్టుకున్నాడు,
అవసరం లేకపోయినా వద్దనలేదు.
కుడివైపు వేడి తెలిసింది.
ఎడమవైపుది
ఇంకా దారిలో ఉంది.